ఆగమన్న వారం

అనకాపల్లి బెల్లం మార్కెట్ పక్క సందులో టిఫిన్ బండి నడుపుకునే నూకరత్నానికి దేనికీ ఆగే ఓపిక ఉండేది కాదు. ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టిన కాసేపటికే మూత ఎత్తి చూసేది. ఆవిరంతా పోయి ఇడ్లీలు మధ్యలో పచ్చిగా మిగిలేవి. బస్టాండుకి వెళ్తే కదులుతున్న బస్సు ఎక్కేసి, అది ఏ ఊరు పోతుందో తర్వాత అడిగేది. ఆమె భర్త పైడిరాజు మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కలాసీ. మనిషి నెమ్మదస్తుడు. "ఏటే రత్నం, ఎనకాల ఎవరైనా తరుముతున్నారా?" అని నవ్వేవాడు.

వాళ్ళకి పిల్లలు లేరు. పానకం అనే ఆడకుక్క ఉండేది. కళ్ళు తెరిచీ తెరవని పిల్లగా ఉన్నప్పుడు మార్కెట్లో గోనెసంచుల మధ్య దొరికింది. ఒంటి రంగు చూసి పైడిరాజు ఆ పేరు పెట్టాడు. పొద్దున్నే బండి తోసుకెళ్తుంటే అది ముందు పరుగెత్తేది. జనం తింటున్నంతసేపూ చక్రం పక్కన కూర్చునేది. ఎవరు ఎంత ముద్దుగా పిలిచి పెట్టినా, నూకరత్నం "ఊఁ, తిను" అంటేగాని ముట్టేది కాదు.

ఒక చలికాలంలో పానకం పదేపదే తుమ్మడం మొదలుపెట్టింది. మంచుకి జలుబు చేసిందేమో అనుకున్నారు. తర్వాత ఒక పొద్దున దాని ముక్కులోంచి రక్తపు చుక్కలు రాలాయి. నూకరత్నం దాని మొహం పట్టుకుని చూసింది. ముక్కు పైభాగం ఒకపక్క ఉబ్బి, వేలు పెడితే మెత్తగా తగిలింది. ఆమె పిండి గిన్నె అక్కడే వదిలేసింది. చట్నీ కోసం నిలబడ్డ మనుషుల్ని కూడా వదిలేసింది. ఆటో ఎక్కి పానకాన్ని ఒళ్ళో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్ళిపోయింది.

అక్కడి డాక్టరు పేరు నస్రీన్. చిన్న వయసు, తక్కువ మాట. ఆమె పానకం ముక్కులోంచి కాస్త ద్రవం తీసి, గాజుపలక మీద పూసి, మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

"ఇది గడ్డేనమ్మా" అంది. "కుక్కల్లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే రకం. వాసన చూసుకునేటప్పుడు, నాకేటప్పుడు అంటుకుంటుంది. మనుషులకి రాదు. భయపడకండి, మందుకి లొంగుతుంది. తొందరగా తెచ్చి మంచిపని చేశారు."

ఆ చివరి మాట నూకరత్నం మనసులో గట్టిగా నాటుకుంది.

"వారానికొక ఇంజెక్షన్ ఇవ్వాలి. కీమోథెరపీ అంటారు" అంది డాక్టర్ నస్రీన్.

నూకరత్నం పానకాన్ని దగ్గరికి లాక్కుంది. "మనుషులకి క్యాన్సర్ వస్తే పెడతారు, జుట్టంతా ఊడిపోద్ది, అదేనా అమ్మా?"

"అదే. కుక్కలకి జుట్టు పెద్దగా రాలదు. కానీ రక్తం దెబ్బతింటుంది. ఈ మందు వేగంగా పెరిగే కణాల్ని చంపుతుంది. గడ్డ వేగంగా పెరుగుతుంది కాబట్టి కరిగిపోతుంది. అయితే ఎముకల లోపల మూలుగలో రక్తం తయారవుతుంది కదా, అక్కడ కూడా కణాలు వేగంగానే పుడతాయి. ఏది గడ్డో ఏది మూలుగో మందుకి తెలియదు. అందుకని ప్రతి ఇంజెక్షన్‌కి ముందూ రక్తపరీక్ష చేస్తాను. తెల్ల కణాలు మరీ తగ్గిపోతే ఆపేస్తాను. రోగాల్ని అడ్డుకునేవి అవే. అవి లేకపోతే మామూలు మట్టిలో ఉండే క్రిమి కూడా ప్రాణం మీదికి తెస్తుంది."

"అలాగేనమ్మా. ముందు ఇంజెక్షన్ వేసెయ్యండి" అంది నూకరత్నం.

మొదటి ఇంజెక్షన్‌కే ముక్కులోంచి రక్తం కారడం తగ్గింది. రెండోదానికి ఉబ్బు సగానికి దిగింది. పానకం మళ్ళీ బండి ముందు పరుగెత్తింది. టిఫిన్ తినడానికి వచ్చిన ప్రతివాడికీ నూకరత్నం దాని మొహం తిప్పి చూపించేది. "చూడండి, ఎలా కరిగిపోయిందో. ఇంకో రెండు ఇంజెక్షన్లు పడితే జాడే ఉండదు" అనేది.

మూడో ఇంజెక్షన్ రోజున డాక్టర్ నస్రీన్ రక్తపరీక్ష రిపోర్టు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈరోజు వద్దమ్మా. తెల్ల కణాలు బాగా పడిపోయాయి. వచ్చే వారం మళ్ళీ రక్తం తీసి చూద్దాం. పెరిగితే అప్పుడు వేస్తాను."

"అదేటమ్మా! ఇది బాగానే తింటోంది. ఇందాక మీ గేటు దగ్గర పిల్లిని కూడా తరిమింది. చూడండి ఎంత హుషారుగా ఉందో."

"పైకి అలాగే ఉంటుంది. లోపల అలా లేదు."

"మరి ఈ వారంలో గడ్డ మళ్ళీ పెరిగిపోతే?"

"కొంచెం పెరిగినా మళ్ళీ కరిగించుకోవచ్చు. రక్తం పూర్తిగా దెబ్బతింటే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు. ఇంట్లోనే ఉంచండి. వేరే కుక్కల దగ్గరికి పోనివ్వకండి. ఒళ్ళు వేడెక్కినా, తిండి మానేసినా వెంటనే తీసుకురండి."

నూకరత్నం పానకాన్ని తీసుకుని ఇంటికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకి ఏ పనీ సాగలేదు. పిండి రుబ్బుతూ మధ్యలో లేచి వచ్చి పానకం ముక్కు తడిమేది. కాసేపటికి మళ్ళీ తడిమేది. నిన్నటికన్నా పెద్దదైనట్టే అనిపించేది. కుక్క తుమ్మితే ఆమె చేతిలో గరిటె జారిపోయేది. కింద రక్తం పడిందేమో అని నేలంతా వెతికేది.

"ఏవయ్యా, ఇటు రా. ఈ పక్క ఉబ్బిందా లేదా చెప్పు."

పైడిరాజు వచ్చి చూశాడు. "నాకు నిన్నటిలాగే ఉంది."

"నీకు అన్నీ నిన్నటిలాగే ఉంటాయి!"

"డాక్టరమ్మ ఆగమంది కదేటే. ఆవిడకి తెలీదా?"

నూకరత్నం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా తమ్ముడికి కామెర్లు వచ్చినప్పుడు కూడా మా వాళ్ళందరూ ఆగమన్నారు. పసరు వేశాం కదా, చూద్దాం, ఆగు అన్నారు. చూస్తూ చూస్తూ ఉండగానే పోయాడు. ఆగు అన్న మాట వింటే నాకు వాడే గుర్తొస్తాడు."

పైడిరాజు ఆమె పక్కన కూర్చున్నాడు. "అది ఏం చెయ్యాలో తెలీక ఆగడం. ఇది తెలిసి ఆగడం. రెండూ ఒకటేనా?" అన్నాడు.

ఆ మాట ఆమె చెవిలో పడింది గాని లోపలికి వెళ్ళలేదు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు పొద్దున్నే నూకరత్నం చీర మార్చుకుంది. "యలమంచిలి ఎళ్తున్నాను. మా చెల్లెలి పిల్లలు పానకాన్ని చూస్తామంటున్నారు. సాయంత్రానికి వచ్చేస్తాం" అని భర్తకి చెప్పింది. పైడిరాజు కుక్క మెళ్ళో తాడు సరిచేసి, ఇద్దరినీ ఆటో ఎక్కించాడు.

యలమంచిలిలో ఆమె చెల్లెలి ఇంటికి వెళ్ళలేదు. అక్కడ ఒక ప్రైవేటు పశువుల డాక్టరు ఉన్నాడని బండి దగ్గర ఎవరో అనగా విని, నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆసుపత్రి గదిలో ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. "మా డాక్టరమ్మ ఊళ్ళో లేదు బాబూ. రెండు ఇంజెక్షన్లు అయిపోయాయి, మూడోది ఈ వారమే పడాలి. మందు పేరు ఇదిగో, చీటీ మీద ఉంది."

"రక్తపరీక్ష చేయించారా?" అని అడిగాడాయన.

బల్ల మీద నిలబడ్డ పానకం తోక ఊపుతూ ఆమె వైపు చూస్తోంది.

"చేయించాం బాబూ. అంతా బాగుందన్నారు. ఆ కాగితం ఇంట్లో మర్చిపోయాను."

ఆయన ఇంకో మాట అడగబోయి, బయట చాలామంది కూర్చుని ఉండటం చూసి ఊరుకున్నాడు. పానకం ముందుకాలి నరానికి సూది పెట్టి మందు ఎక్కించాడు. అది మూలిగింది. నూకరత్నం దాని తల నిమిరి, "ఊఁ, అయిపోయింది, అయిపోయింది" అంది. తిరుగు ప్రయాణంలో ఆమె మనసు తేలికైంది. ఆగి కూర్చోకుండా ఏదో ఒకటి చేశాననుకుంది.

ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. ఒక పొద్దున బండి బయల్దేరినా పానకం లేవలేదు. పిలిస్తే కళ్ళు మాత్రం ఎత్తింది. నూకరత్నం ఇడ్లీ ముక్క తుంచి నోటి దగ్గర పెట్టి, "తినమ్మా, తిను" అంది. అది వాసన కూడా చూడకుండా మొహం పక్కకి తిప్పుకుంది. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి.

"ఏవయ్యా!" అని ఆమె వేసిన కేకకి సందులో ఇళ్ళవాళ్ళు బయటికి వచ్చారు.

పైడిరాజు కుక్కని రెండు చేతులతో ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. దిమ్మలు మోసే ఆ చేతుల్లో పానకం తడిబట్టలా వేలాడింది. వెనకాల నూకరత్నం ఏడుస్తూ నడిచింది.

డాక్టర్ నస్రీన్ జ్వరం చూసింది, రక్తం తీసింది, సెలైన్ పెట్టింది. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. దాన్ని చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆమె మొహంలో రంగు మారింది.

"నాకు అర్థం కావడం లేదు" అంది. "ఇంజెక్షన్ ఆపాం. ఈపాటికి తెల్ల కణాలు పెరుగుతూ ఉండాలి. ఇవి దాదాపు లేనట్టే ఉన్నాయి. రక్తం గడ్డకట్టించే కణాలు కూడా తగ్గాయి. పిడుదులు కుట్టి వచ్చే జ్వరమా? అలాగైతే దాని మందు వేరు. లేక మూలుగే పని మానేసిందా? అలాగైతే విశాఖపట్నం పంపాలి. ఎముకలో సూది దించి మూలుగ తీసి పరీక్ష చెయ్యాలి. ఈ స్థితిలో దీన్ని అంతదూరం పంపాలంటేనే నాకు భయంగా ఉంది."

నూకరత్నం గోడకి ఆనుకుని నిలబడింది. చెబితే డాక్టరమ్మ ఏమంటుంది? భర్త ఏమంటాడు? చెప్పకపోతే లేని జబ్బుకి మందు వేస్తారు. ఊపిరి కూడా సరిగ్గా తియ్యలేని కుక్కకి ఎముకలో సూది దించుతారు. పానకం కడుపు పైకీ కిందికీ వేగంగా కదులుతోంది.

"పిడుదుల మందే మొదలుపెడతాను" అంటూ డాక్టర్ నస్రీన్ అలమార వైపు తిరిగింది.

"అమ్మా, ఆగండి!" అంది నూకరత్నం.

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"మీరు ఆపారు గాని నేను ఆపలేదు. యలమంచిలి తీసుకెళ్ళి ఇంజెక్షన్ వేయించాను. రక్తం బాగుందని అబద్ధం చెప్పాను. ఆ డాక్టరు బాబుకి చెప్పాను, మా ఆయనకి కూడా అబద్ధమే చెప్పాను." అని కింద కూలబడిపోయింది. "గడ్డ పెరిగిపోద్దని భయమేసిందమ్మా. నా చేతులతో నేనే చేసుకున్నాను."

పైడిరాజు భార్యని చూసి, కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. ఆయన ఎప్పుడూ ఆమెని కోప్పడి ఎరగడు. ఆ రోజూ కోప్పడలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకి అనిపించింది.

"ఏ రోజు వేయించారు?" అని డాక్టర్ నస్రీన్ అడిగింది.

నూకరత్నం చెప్పింది.

"అంటే ఇవాళ, రేపు రక్తకణాలు అన్నిటికన్నా అడుగుకి పడిపోయే రోజులు. ఇప్పుడు నాకు తెలిసింది." ఆమె పిడుదుల మందు పక్కన పెట్టి వేరే మందులు తీసింది. "మిమ్మల్ని అనాల్సింది చాలా ఉంది. అది తర్వాత. కాసేపు ఆలస్యంగా చెప్పి ఉంటే నేను దారి తప్పేదాన్ని."

"బతుకుతుందా అమ్మా?"

"మూలుగ మళ్ళీ కణాల్ని తయారు చేసుకోవాలి. అందాకా ఏ క్రిమీ దీన్ని తినెయ్యకుండా మందులతో కాపాడతాను. మూలుగని తొందరపెట్టే మందు కూడా ఒకటి ఇస్తాను. మిగతాది దాని శక్తి. మనం చెయ్యగలిగింది ఎదురుచూడటమే."

ఆసుపత్రి వెనక ఉన్న చిన్న గదిలో పానకాన్ని విడిగా పడుకోబెట్టారు. చేతులు సబ్బుతో కడుక్కునిగాని ముట్టుకోవద్దన్నారు. కాచి చల్లార్చిన నీళ్ళే పట్టమన్నారు. నూకరత్నం బండి మూసేసి, ఆ గది గుమ్మం దగ్గర కూర్చుంది. ఎత్తి చూడటానికి మూత లేదు, ఎక్కడానికి బస్సు లేదు. సెలైన్ చుక్క చుక్కగా పడుతుంటే చూస్తూ కూర్చోవడం తప్ప ఆమెకి పనేమీ లేదు. సెలైన్ బాటిల్ మార్చడానికి వచ్చిన ప్రతిసారీ డాక్టరమ్మ మొహం వైపు చూసేది. ఆ మొహంలో ఏమీ దొరికేది కాదు.

మర్నాటి రిపోర్టులో తెల్ల కణాలు ఇంకా తగ్గాయి. ఆ మధ్యాహ్నం పానకం వణికింది. నూకరత్నం దాని మీద తన పాత చీర కప్పి, దూరంగా జరిగి, చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. పైడిరాజు పని ముగించుకుని క్యారేజీ తెచ్చాడు. ఆమె ముందు పెట్టి, "తిను" అన్నాడు. అప్పటిదాకా ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఆ ఒక్క మాటకే ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

"నన్ను తిట్టవేటి?" అంది.

"నాతో అబద్ధం చెప్పావని బాధగా ఉంది" అన్నాడు పైడిరాజు. "భయమేస్తే భయమేసిందని చెప్పు రత్నం. ఇద్దరం కలిసి భయపడదాం. ఇంకోసారి ఒక్కదానివే పరుగెత్తకు."

జ్వరం మూడో నాటికి కాస్త దిగింది. ఆ తర్వాతి పరీక్షలో తెల్ల కణాలు కొంచెం పెరిగాయి. డాక్టర్ నస్రీన్ మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది. ఆ సాయంత్రం నూకరత్నం గిన్నెలో గంజి పట్టుకుని గుమ్మంలో నిలబడితే, పానకం తల ఎత్తి ఆమె వైపు చూసింది. "ఊఁ, తిను" అనబోయి ఆగింది. తల మాత్రం ఊపింది. అది నెమ్మదిగా నాలుగు గుక్కలు తాగింది.

పానకం బతికింది. కానీ కష్టం అక్కడితో తీరలేదు. రక్తం పూర్తిగా తేరుకునేదాకా ఇంజెక్షన్ మాట ఎత్తకూడదంది డాక్టరమ్మ. ఒక్క వారం ఆగలేకపోయిన నూకరత్నం ఇప్పుడు నెలకి పైగా ఆగాల్సి వచ్చింది. ఆ నెలలో గడ్డ మళ్ళీ పెరిగింది. ముక్కు ఉబ్బింది. తుమ్మినప్పుడు నేల మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. ఏది జరుగుతుందని భయపడి ఆమె యలమంచిలి పరుగెత్తిందో, సరిగ్గా అదే ఆ పరుగు వల్ల జరిగింది. నూకరత్నం ఒక్కో చుక్కా తుడిచేది. భయం వేసినప్పుడల్లా, "ఏవయ్యా, నాకు భయంగా ఉంది" అని భర్తతో పైకే చెప్పేది. ఆయన వచ్చి పక్కన కూర్చునేవాడు. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళే రోజుదాకా ఇద్దరూ అలా రోజులు నెట్టారు.

రక్తం తేరుకున్నాక డాక్టర్ నస్రీన్ మందు మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గడ్డ నెమ్మదిగా కరిగింది. మామిడికాయలు మార్కెట్లోకి వచ్చే కాలానికి కందిగింజంత మిగిలింది. గడ్డ ముక్కు లోపలి ఎముకని కొంత తినేసింది కాబట్టి, పానకం ఊపిరి తీస్తే సన్నగా ఈల వేసినట్టు వినబడేది. అది ఎప్పటికీ పోదని డాక్టరమ్మ చెప్పింది.

ఇక ఒక్క ఇంజెక్షన్ పడితే చాలు అనుకున్న రోజున రిపోర్టు చూసి డాక్టర్ నస్రీన్ ఆగిపోయింది. నూకరత్నం వైపు కాస్త అనుమానంగానే చూసింది.

"తెల్ల కణాలు మళ్ళీ తగ్గాయమ్మా. ఈ వారం వద్దు. ఆగుతారా?"

నూకరత్నం చెయ్యి తనకి తెలియకుండానే పానకం ముక్కు మీదికి పోయింది. కందిగింజంత గడ్డ వేలికి తగిలింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, కుక్క మెడ చుట్టూ వేసింది.

"భయంగానే ఉందమ్మా" అంది. "అయినా ఆగుతాను."

పై వారానికి రక్తం కుదుటపడింది. చివరి ఇంజెక్షన్ పడింది. గడ్డ పూర్తిగా పోయింది.

మనం ప్రేమించే ప్రాణి ఆపదలో ఉన్నప్పుడు దానికోసం పరుగెత్తడం ఎంత అవసరమో, తెలిసినవాళ్ళు ఆగమన్నప్పుడు భయాన్ని బిగబట్టుకుని ఆగడం కూడా అంతే అవసరం. భయంతో పడే తొందర మనకి ప్రేమలాగే కనిపిస్తుంది గాని, దాని దెబ్బ తగిలేది మనం ప్రేమించిన ప్రాణికే.